ఆస్థాన చర్చిలో అరువు బాబాయి

వియన్నాలో కాపురం పెట్టి జుట్టు నెరిసిపోయినా, రాజుల కాలం నాటి ఆస్థాన చర్చిలో ఒట్టీలియా ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. వచ్చే వారం లింజ్ నుంచి అక్క వస్తోంది. ఊరు చూపించాల్సిన మనిషికే ఊరు తెలియకపోతే అక్క ఊరుకునే రకం కాదు. అందుకని శనివారం పొద్దున కాఫీ తాగుతూ, "ఇవాళ ఆ చర్చి చూసొద్దాం. మంచి బట్టలేసుకోండి" అంది మొగుడితో.

వెండెలిన్ ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఆయనకున్న మంచి బట్టలంటే చావులకు వేసుకునే నల్లసూటు ఒక్కటే. అది తొడుక్కుని, దారి పొడవునా భార్య చెప్పబోయే చక్రవర్తుల చరిత్ర తలుచుకుని, చెవి మిషన్ తీసి సొరుగులో పెట్టి మరీ బయలుదేరాడు. వినపడదని ఒప్పుకోవడం ఆయనకు నామోషీ. ఎవరేమన్నా చిరునవ్వుతో తలూపేస్తాడు.

చర్చిలోకి రాగానే ఒట్టీలియా కాళ్లు నొప్పులంటూ చివరి బెంచీలో కూలబడింది. వెండెలిన్ సిగరెట్ కోసం వాకిట్లోకి వచ్చాడు. అక్కడ బుట్ట పట్టుకుని నిలబడ్డ అమ్మాయి, ఆయన సూటు చూసి కోటుకు తెల్లపువ్వు గుచ్చింది. అనాథలకు చందా కాబోలనుకుని ఆయన బుట్టలో ఒక నాణెం వేశాడు.

అంతలో ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒకావిడ పరుగున వచ్చింది. ఆవిడ హెర్మీనే, కాసేపట్లో అక్కడ జరగబోయే పెళ్ళిలో పెళ్ళికొడుకు తల్లి.

"మీరేనా పెళ్ళికూతురి బాబాయి గారు?"

వెండెలిన్ తలూపాడు.

"గ్రాజ్ నుంచేనా?"

మళ్లీ ఊపాడు.

"ఎంత కంగారు పెట్టారండీ! తండ్రి లేని పిల్ల, చెయ్యి పట్టుకుని వేదిక దాకా నడిపించాల్సింది మీరే కదా! పదండి, పదండి!"

ఇక్కడ సిగరెట్ కాల్చకూడదంటోంది కాబోలనుకుని, ఆయన బుద్ధిగా ఆవిడ వెంట నడిచాడు. తలుపు దగ్గర మేలిముసుగులో నిలబడ్డ పెళ్ళికూతురు రోస్విత చేతిని ఆయన చేతిలో పెట్టేసి, హెర్మీనే లోపలికి తుర్రుమంది.

రోస్విత ముసుగు కాస్త తొలగించి చూసింది. "ఎవరండీ మీరు? మా బాబాయేడీ?"

అప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. ఆర్గన్ మోగింది. జనమంతా లేచి వెనక్కి తిరిగారు. వెండెలిన్‌కు సంగతి అర్థమై ముచ్చెమటలు పోశాయి. పారిపోదామనుకున్నాడు గానీ, ఆ పిల్ల బెదిరిపోయి, అడుగు ముందుకు వెయ్యలేక ఆయన మొహంలోకే చూస్తోంది.

"నేను ట్రాము నడిపినవాణ్ణమ్మా. ఎవర్నీ ఎక్కడా పడెయ్యలేదు. గట్టిగా పట్టుకో, మెల్లగా వెళ్దాం" అన్నాడు. గుసగుసగా అన్నాననే అనుకున్నాడు. మధ్య వరుసల దాకా వినిపించింది. రోస్వితకు భయం పోయి నవ్వొచ్చింది.

చివరి బెంచీలో ఒట్టీలియా గుండెమీద చెయ్యేసుకుంది. "అయ్యో! ఆయన మా ఆయన!"

పక్కనే తల దించుకుని కూర్చున్న భారీ మనిషి గొణిగాడు. "నడవాల్సింది నేనండీ. పిల్ల బాబాయిని."

"మరి ఇక్కడ దాక్కున్నారేంటి?"

"మా అన్నయ్య నడిపించాల్సిన దారి అది. తలుపు దాకా వెళ్లాను. ఏడుపు ఆగలేదు. అందరి ముందూ భోరుమంటే పిల్ల పెళ్ళి పాడైపోదూ?"

ఒట్టీలియా చేతిరుమాలు ఆయన చేతిలో కుక్కింది. "పెళ్ళిలో ఏడవకపోతే ఇంకెక్కడ ఏడుస్తారు? లేవండి ముందు!" అంటూ మోచెయ్యి పట్టుకుని, పక్క దారెంట లాక్కుపోయింది.

వేదిక దగ్గర బాబాయిని చూడగానే రోస్విత ఆయన్ను వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. చూస్తున్నవాళ్లూ ఏడ్చారు. వెండెలిన్ పిల్ల చేతిని బాబాయి చేతిలో పెట్టాడు. బాబాయి పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు.

హెర్మీనే తెల్లబోయింది. "ఇదేంటమ్మా, నీకు ఇద్దరు బాబాయిలా?"

"ఇవాళ్టి నుంచి ఇద్దరే అత్తయ్యా" అంది రోస్విత కళ్లు తుడుచుకుంటూ.

విందులో ఆ దంపతుల్ని పెళ్ళివారి బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. బాబాయి తన ఊరి వైన్ పొగుడుతూ వెండెలిన్ గ్లాసు ఖాళీ కానివ్వలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ, ట్రాములో ఒట్టీలియా మొగుడి కోటుకున్న తెల్లపువ్వు సరిచేసింది.

"మా నాన్న కూడా నన్ను అంత మెల్లగా నడిపించి ఉంటే, దారిలో కాస్త ఆలోచించుకునేదాన్ని" అంది.