కడిగిన మనిషి

సింహాద్రి పుట్టిన ఏటి సిరీస్ మనుషులు మార్చి నెలాఖరు తర్వాత చెల్లరని పేపర్లో పడగానే, పైడమ్మ మొగుడి సంచి సర్దడం మొదలుపెట్టింది. రెండు లుంగీలు, ఒక తువ్వాలు, చుట్టల కట్ట, రేషను కార్డు జిరాక్సు. పాత నోట్లను వెనక్కి తీసుకున్నట్టే మనుషుల్నీ తీసుకుంటున్నారు కాబట్టి వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. బ్యాంకులో దానికి వేరే కౌంటరు తెరిచారు.

అక్కడ అప్పగించిన వాళ్ళకు రెండు దారులు. పాత నోట్లు సేకరించే వాళ్ళకు నచ్చితే ప్లాస్టిక్ తొడుగు వేసి ఆల్బంలో దాచుకుంటారు. ఆదివారాలు ఇంటివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. నచ్చని వాళ్ళు ముక్కలు చేసే మిషనుకు వెళ్తారు.

సింహాద్రి ముప్ఫై ఎనిమిదేళ్ళు జనపనార మిల్లులో బస్తాలు మోశాడు. నడుము దగ్గరొక మడత, మెడ దగ్గరొక మడత. మడతలున్న దాన్ని మామూలుగా ఎవరూ అడగరు. కానీ అతని ఎడమ చేతికి ఆరు వేళ్ళు. అచ్చుతప్పు ఉన్న నోటుకు గిరాకీ ఎక్కువ. సంతలో పాత నోట్లు కొనే దానయ్య సెట్టి ఇంటికొచ్చి ఆ వేళ్ళు రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఇలాంటిది జిల్లాలో లేదు. మడతలున్నా తీసుకుంటాను," అని మాటిచ్చాడు.

"పెళ్ళిలో ఈ సెయ్యి సూసే మీయమ్మ ఏడిసింది," అన్నాడు సింహాద్రి.

"నవ్వకు మావా. ఆ ఏలే ఇప్పుడు నిన్ను కాస్తాది."

ఊరెళ్ళే మనిషిని మాసిన ఒంటితో పంపడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. బయల్దేరే రోజు పొద్దున్నే పైడమ్మ అతనికి నువ్వుల నూనె మర్దనా చేసి, కుంకుడు రసంతో తలంటి పోసింది. మడత కాస్త సాగుతుందని నడుం మీద వేడినీళ్ళు గుమ్మరించింది. చొక్కా ఇస్త్రీ చేయించింది.

కౌంటరు దగ్గర సెట్టి అతని మెడ వాసన చూసి మొహం మాడ్చుకున్నాడు.

"కడిగేశావా అమ్మా?"

"తలంటి పోసినాను బాబూ. శుబ్బరంగా ఉండాలని."

"కొంప ముంచావు. కడిగినదాన్ని ఎవరూ ముట్టరు. ఆ పాతదనమే కదా విలువ!"

"ఒక్క గంట ఆగండి బాబూ. మట్టి పూసి తెచ్చేస్తాను."

"పూత కనిపెట్టేస్తారమ్మా," అని సెట్టి వెళ్ళిపోయాడు.

అదే వరసలో మిల్లు యజమాని తమ్ముడున్నాడు. అతనిదీ అదే సిరీస్. ఒక్క రోజు పని చెయ్యలేదు, ఒక్క మధ్యాహ్నం ఎండ చూడలేదు. కట్ట విప్పని నోటులా ఫెళఫెళలాడుతున్నాడు. ముగ్గురు సేకర్తలు పోటీపడి వేలం పాట పాడారు. నాలుగు నిమిషాల్లో తొడుగు వేసి, తలకు దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, కారెక్కించారు.

పైడమ్మ కౌంటరు బల్ల మీద చరిచింది.

"నా మొగుడికి మడతలు ఎవులేసినారు? ఆళ్ళ బస్తాలు కావా? ఆడు నలక్కుండా ఉండడానికే కదా ఈడు నలిగిపోనాడు!"

"మడత ఎవరు వేశారన్న గడి ఫారంలో లేదమ్మా," అన్నాడు గుమాస్తా మర్యాదగానే. వేలిముద్ర వెయ్యమన్నాడు. ఆరోవేలి ముద్ర అక్కర్లేదన్నాడు. మిషను గదిలోకి సామాను పనికిరాదని సంచి ఆమె చేతికే తిరిగిచ్చాడు.

సింహాద్రి అందులోంచి ఒక చుట్ట తీసి చెవి సందున పెట్టుకున్నాడు. "ఎల్లొస్తానే," అన్నాడు, రోజూ మిల్లుకెళ్ళేటప్పటిలాగే.

ఏప్రిల్లో బ్యాంకువాళ్ళు ఒక బిళ్ళ పంపారు. ముక్కల్ని గట్టిగా నొక్కి చేసింది. పైన వాళ్ళ ముద్ర ఉంది. కాగితాలు ఎగరకుండా బాగానే ఆపుతుంది. జూన్లో తర్వాతి సిరీస్ ప్రకటించినప్పుడు ఆ పేపరు మీద పైడమ్మ పెట్టింది దాన్నే. అందులో ఆమె పుట్టిన ఏడు కూడా ఉంది. వీధిలో ఆడవాళ్ళు సలహాకి వస్తే ఒకటే చెబుతోంది: "నీళ్ళు పొయ్యకండర్రా." ఇప్పుడా వీధిలో ఎవరూ స్నానం చెయ్యడం లేదు. బస్తాలు మొయ్యడం మాత్రం ఎవరూ మానలేదు.

సింహాద్రి లోపలికి వెళ్ళింది మార్చి ముప్ఫై ఒకటి, శుక్రవారం, పదకొండు దాటాక. తిరిగి రాలేదు.