వెనక వరుస ఎడమ సీటు

ఐదేళ్ళు దాటిన ఏడు సీట్ల కారును అమ్మితే, వెనక వరుస ఎడమ సీట్లో కూర్చునే మనిషి కూడా కారుతోపాటే కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళిపోవాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఐదేళ్ళపాటు ఒకే మనిషి ఆ మూల కూర్చుంటే సీటు బెల్టు ఇక ఊడదు. కోస్తే కారు స్టార్టవదు. రవాణా శాఖవాళ్ళు మొదట్లో రెండు మూడు కమిటీలు వేసి చూశారు. చివరికి రిజిస్ట్రేషన్ కాగితంలో రంగు, ఇంజను నంబరు తర్వాత 'సీటు మనిషి' అని ఒక గడి చేర్చి ఊరుకున్నారు. దాని కింద గడి స్టెప్నీది.

సీటు మనిషి లేని పాత కార్లూ దొరుకుతాయి గానీ వాటి ధర కొత్త కారుకి దగ్గర్లో ఉంటుంది. మామూలు జీతగాళ్ళు మనిషి ఉన్న కారే చూసుకుంటారు. నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా చేస్తున్న ఫణిభూషణం కూడా అదే అనుకున్నాడు. ఎక్కడికి వెళ్ళాలన్నా వాళ్ళింట్లో రెండు ఆటోలు కావాలి. మొన్న ఒక గృహప్రవేశంలో మొదటి ఆటోవాళ్ళు పెరుగన్నం దాకా వచ్చేసినా, రెండో ఆటో ఇంకా రైల్వే గేటు దగ్గరే ఉంది. రెండో ఆటోలో ఎప్పుడూ సువర్చలే ఉంటుంది. సువర్చల ఫణిభూషణం భార్య.

ఒక సీటు ముందే నిండి ఉంటుంది కాబట్టి, ఇలాంటి కారు కొనే ఇంట్లో ఆరుగురికి మించి ఉండకూడదని నిబంధన. దరఖాస్తులో 'కుటుంబ సభ్యుల సంఖ్య' అన్నచోట అంకెతోనూ అక్షరాలతోనూ రాయాలి. ఫణిభూషణం చేతిరాత బాగుండదని ఆ కాగితం సువర్చలే పూర్తిచేసింది. వంటగదిలో పీట మీద కూర్చుని, రోజూ కంచాలు పెట్టేటప్పుడు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టింది. మావయ్యగారికి, అత్తయ్యగారికి, ఆయనకి, పెద్దవాడికి, చిన్నవాడికి, అమ్మాయి హరిణికి. ఆరు. ఆఫీసు కాగితాలు రెండుసార్లు చదివే ఫణిభూషణం, ఇంట్లోంచి వచ్చిన కాగితం కాబట్టి చదవకుండానే సంతకం పెట్టాడు.

టైర్లు, బ్యాటరీ చూడడం అతని వంతు. మనిషిని చూడడం సువర్చల వంతు. వారం రోజులు ఆమెకి స్థిమితం లేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. కారు పోర్టికోలో నిలబెట్టాక ఆ మనిషికి వేళకి కంచం తీసుకెళ్ళేదీ, ఎండ పడితే అద్దానికి తువ్వాలు కట్టేదీ తనే కదా. వచ్చేది ఎలాంటి మనిషో తెలియదు. ఇంజను చెడితే మెకానిక్కున్నాడు, మనిషి తేడా చేస్తే ఎవరున్నారని ఆమె భయం.

బ్రోకరు మస్తాన్‌వలి మూడు కార్లు చూపించాడు. మొదటిదాంట్లో రిటైరైన డ్రిల్లు మాస్టారున్నాడు. ట్రయలుకి రోడ్డెక్కిన ఐదు నిమిషాల్లో గేర్లు మార్చే విషయంలో ఆయనకీ మావయ్యగారికీ మాటా మాటా పెరిగింది. రెండో కారు ఇంజను చక్కగా ఉంది గానీ, అందులో ఉన్నావిడ స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఏడుస్తుంది. అది అలవాటేనండి, ఏసీ వేస్తే వినపడదు అన్నాడు మస్తాన్‌వలి. ఏడ్చే మనిషి గుమ్మం ముందుంటే ఇంటికి మంచిది కాదని అత్తయ్యగారు దిగిపోయారు.

మూడోది గోధుమరంగు కారు. సీటు మనిషి పేరు సీతారత్నమ్మ, అరవై దాటి ఉంటాయి. ఒళ్ళో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సువర్చల తలుపు తీసి పక్కన కూర్చుంది.

"మోకాళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా పిన్నిగారూ?"

"ఉంటే మాత్రం ఎక్కడికి నడవాలమ్మా."

"ఏం తింటారు?"

"మిగిలింది."

ఈ జవాబుతో సువర్చల గుండె కుదుటపడింది. తననడిగినా అదే చెప్పేది. లేవబోతుంటే సీతారత్నమ్మ చేతిలో కాయ ఆపింది.

"మీ ఇంట్లో కంచాలు లెక్కపెట్టేదెవరు?"

"నేనేనండి."

సీతారత్నమ్మ ఆమె వంక కాసేపు చూసి, మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

కారు ఇంటికొచ్చింది. శుక్రవారం పొద్దున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొండ మీది గుడికి బయల్దేరారు. అందరూ ఎక్కారు. సువర్చల గ్యాసు కట్టేసి, మోటారు ఆపి, తలుపు తాళం రెండుసార్లు లాగి చూసి, పులిహోర డబ్బాతో గేటు దగ్గరికొచ్చింది. కార్లో చోటు లేదు. ఏడు సీట్లలో ఏడుగురున్నారు. చిన్నవాడు ఫోను పక్కన పెట్టి లెక్కపెట్టాడు. ఫణిభూషణం దిగి, కాగితాలు తీసి బానెట్ మీద పరిచాడు.

"ఆరని రాశావేంటే. మనం ఏడుగురం కదా."

"నాకు తట్టలేదండి," అంది సువర్చల. నిజంగానే తట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా తన కంచం అందరూ లేచాక పెట్టుకునేదే గనక, అది లెక్కలోకి వచ్చే సందర్భం ఎప్పుడూ రాలేదు.

ఎలాగూ కొంపకి ఒకరు కాపలా ఉండాలి కదా అని అత్తయ్యగారు కార్లోంచే సర్దిచెప్పారు. కారు వెళ్ళిపోయింది. సువర్చల తాళం తీసుకుని లోపలికొచ్చి, పులిహోర డబ్బా గట్టు మీద పెట్టింది. ఇవాళ గుడి. రేపు ఆసుపత్రి, పెళ్ళిళ్ళు, హరిణి కాలేజీలో చేరడం. అన్నిటికీ కారు ఇలాగే గేటు దాటి వెళ్ళిపోతుంది. కాగితం ప్రకారం ఈ ఇంట్లో తను లేదు. ఏమీ తోచక స్టవ్ మళ్ళీ తుడిచింది.

సోమవారం ఇద్దరూ రవాణా కార్యాలయానికి వెళ్ళారు. గుమాస్తా మర్యాదస్తుడు, సువర్చలకి కుర్చీ వేయించాడు. అంకె దిద్దడం కుదరదన్నాడు. ఏడుగురని దిద్దితే కొనుగోలే చెల్లదు, కారు తిరిగి ఇచ్చెయ్యాలి. ఒక్క దారుంది. లెక్కలో లేని మనిషి తన ఇష్టంతో సీటు మనిషి స్థానం తీసుకోవచ్చు. అప్పుడు పాత మనిషికి విడుదల. కారుకి ఐదేళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి కొత్త మనిషికి బెల్టు మొదటి రోజే పడిపోతుంది.

"ఇలాంటివి వారానికి నాలుగైదు వస్తాయండి," అంటూ అతను సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. అచ్చు వేయించి కట్టలుగా పెట్టుకున్నారు. పేరు రాయాల్సినచోట 'శ్రీమతి' అని ముందే అచ్చయి ఉంది.

ఫణిభూషణం కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ ఇష్టం. నిన్నెవరూ బలవంతపెట్టట్లేదు," అన్నాడు.

ఆమె కూడా కిటికీ వంక చూసింది. బయట ఖాళీగా ఒక ఆటో ఆగి ఉంది. ఒంటరిగా రెండో ఆటోలో వెళ్ళే రోజులు గుర్తొచ్చాయి. కార్లో ఉంటే కనీసం అందరితోపాటు చేరుతుంది.

"నేనెక్కడైనా సర్దుకుంటానులెండి," అని సంతకం పెట్టింది.

సాయంత్రం పోర్టికోలో సీతారత్నమ్మ బెల్టు చిన్న చప్పుడుతో ఊడింది. ఆవిడ స్తంభం పట్టుకుని కాళ్ళు సాగదీసుకుంది. ఇంటికి వెళ్తారా పిన్నిగారూ అని సువర్చల అడిగితే, తనవాళ్ళు ఇంకో కారు కొన్నారట, అందులో మనిషుందట అని చెప్పింది. బస్టాండు ఎటో కనుక్కుంది.

"బస్సులో ఎక్కడికి?"

"ఎక్కడికైనా. నిలబడ్డవాళ్ళకి కూడా టిక్కెట్టు కొడతారు కదమ్మా," అంది సీతారత్నమ్మ. చిక్కుడుకాయల గిన్నె సీటు మీదే వదిలి వెళ్ళింది.

సీటు ఇంకా వెచ్చగానే ఉంది. సువర్చల గిన్నె ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. బెల్టు పడింది.

మర్నాడు అందరూ కలిసి కొండకు వెళ్ళారు. మొదటిసారి ఇల్లంతా ఒకేసారి చేరింది. ప్రసాదం ఎవరో ఒకరు అద్దంలోంచి అందించారు. ఇంటి దగ్గర కారుని వంటింటి కిటికీ కనపడేలా నిలబెట్టారు. కుక్కరు కూతలు ఆమె అక్కణ్ణించే లెక్కపెట్టి ఆపమనేది. వీధిలో వాళ్ళు పలకరించి పోయేవాళ్ళు, గాలి బాగా వస్తోంది కదండీ అని. బాగానే వస్తోందనేది. ఆదివారాలు ఫణిభూషణం పేపర్లో పాత కార్ల పేజీ తీసి, రెండేళ్ళు వాడి దీన్ని మార్చేద్దాం, మైలేజీ రావట్లేదు అంటుండేవాడు. ఆ మాట అద్దంలోంచి స్పష్టంగా వినపడేది. రెండేళ్ళంటే చాలా టైముంది అనుకుని, ఆమె ఈనెలు తీసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పితో లేవలేకపోయారు. హరిణి మొదటిసారి భోజనాలకి సిద్ధం చేసింది. కిటికీలోంచి స్టీలు కంచాల చప్పుడు విని సువర్చల అడిగింది.

"ఎన్ని పెట్టావమ్మా?"

"అయిదు."

సువర్చల వేళ్ళు ముడిచి చూసుకుంది.

"ఇంకోసారి లెక్కపెట్టు."

హరిణి కిటికీ దగ్గరికొచ్చి, చేతిలో గరిటెతోనే ఒక్కొక్కరినీ చెప్పింది. "తాతయ్య, నాన్నమ్మ, నాన్న, అన్నయ్య, తమ్ముడు. అయిదేగా అమ్మా. సరిపోయాయి."

సువర్చల ఏదో చెప్పాలని ముందుకి వంగింది. బెల్టు మెల్లగా వెనక్కి లాగింది. ఆమె సీటుకి చేరగిలబడి, ఒళ్ళో గిన్నె సర్దుకుంది.

"కూర చల్లారిపోతుంది, వడ్డించు," అంది.