చీకటి గది ముందు నిమ్మరసం

ఆ రోజు పొద్దున పూల్‌సింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్టూడియో వెనకాల ఉన్న డార్క్‌రూమ్‌లో ఆఖరి ఫొటో ఒకటి కడుగుతాడు. సాయంత్రానికి ఆ గదిని ఓనరు మధుకర్‌కు అప్పజెప్తాడు. ఈలోపు భార్య తారి ట్రేలూ డబ్బాలూ అట్టపెట్టెల్లో సర్ది ఆటోలో తండాకు చేరవేస్తుంది. నెల్లికుదురు మెయిన్ రోడ్డు మీద చీకట్లో కూర్చొని బతికిన ఒక బతుకు అంతటితో తెల్లారుతుంది.

మధుకర్‌కు ఆ గది టిఫిన్ సెంటరు వంటకు కావాలి. ముందు గది ఉంచుకొమ్మన్నాడు. "పాస్‌పోర్టు ఫొటోలకు చీకటెందుకు పూల్‌సింగ్?" అని నవ్వుకుంటూ అడిగాడు. నవ్వుకుంటూనే నల్లా బందు పెట్టించాడు. పెళ్లిళ్లకు డ్రోన్లు ఎగిరే కాలంలో, పొట్టకు ఆనించుకొని పైనుంచి తొంగి చూసే పాత కెమెరావాడి మాట ఎవడు వింటాడు? పూల్‌సింగ్ వాదించలేదు. వాదించడం అతనికి రాదు. అలగడం మాత్రం బాగా వచ్చు.

"ఎవరొచ్చినా తలుపు తియ్యనియ్యకు," అన్నాడు గడప దగ్గర నిలబడి. "కాగితాలు రెండే మిగిలినయి. జర ఎలుతురు తగిలినా కరాబైతయి."

"బువ్వ తిని పో."

"పని అయినంక తింట. సెలీనియం మందు ఇషం లెక్క. ఆ చేతులతోని ముద్ద ముట్టొద్దు."

"ఎవలి ఫొటో, గంత ముచ్చట వడుతున్నవ్?"

పూల్‌సింగ్ జవాబు చెప్పకుండా తలుపేసుకున్నాడు. మందు ఘాటు బయటికి పోవడానికి పెట్టుకున్న పాత ఫ్యాను లోపల గొర్రుమంది. ఆ ఫ్యాను తిరిగితే తలుపు దగ్గర నిలబడి అరిచిన మాట తప్ప అతనికి మరేదీ వినపడదు.

సెలీనియం టోనింగ్ గురించి తారికి పెళ్లైన కొత్తలోనే నోటికొచ్చేసింది. కడిగిన ఫొటోను ఆ మందు నీళ్లలో ముంచితే నలుపు చిక్కబడుతుంది, ఫొటో మనుషులకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. కాస్త ఆలస్యమైతే వంకాయ రంగుకు తిరుగుతుంది. అందుకని మొగుడు ట్రే మీంచి కన్ను తీయడు. ఆ ట్రేను చూసినంత శ్రద్ధగా తనను ఏనాడూ చూడలేదన్నది ఆమె మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట.

ఆమె మెట్టు మీద కూర్చొని అట్టపెట్టెకు తాడు కడుతుంటే రాజలింగం బండి ఆపాడు. పోయిన సర్పంచ్ ఎన్నికల్లో మధుకర్ చేతిలో ఓడిపోయి, అప్పటినుంచి ఎక్కడైనా ప్రజాసమస్య దొరక్కపోతుందా అని వీధివీధీ తిరుగుతున్న మనిషి.

"ఏం తారక్కా, మొహం గట్ల వెట్టినవ్?"

"ఇయ్యాల అర్ర ఖాళీ చెయ్యాలె గదన్నా. మధుకర్ పటేల్ చెయ్యమన్నడు."

"పూల్‌సింగ్ ఏడి?"

"లోపల. పొద్దుగాల తలుపేసుకున్నడు."

"తిన్నడా?"

"యాడ తిన్నడు? పని అయ్యేదాక ముద్ద ముట్టనన్నడు. గా మందున్నది సూడు, గది..."

రాజలింగం అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా చివరిదాకా విన్నవాడు కాదు. రాజకీయాలకు అంతకన్నా చదువు అక్కర్లేదు గనక అందులోకి పోయాడు. "అరేయ్, టెంటు పట్టుకరాండ్రి. మైకు గూడ. ఈడ ఆమరణ నిరాహార దీక్ష నడుస్తున్నది."

"దీక్షా?" అంది తారి. "గాయన ఫొటో కడుగుతున్నడన్నా."

"తెలుసక్కా. అభిమానం గల్లోడు బయటికి గట్లనే చెప్పుకుంటడు."

మన దగ్గర మోరీ తీయించాలంటే ఏడాది తిరగాలి. దీక్షకు టెంటు లేవాలంటే ఒక చాయ్ తాగేంత సేపు చాలు. టెంటు కింద పట్టా పరిచారు, మైకు పెట్టారు, ఎందుకైనా మంచిదని పూలదండ కూడా తెచ్చారు. తారి మైకు దగ్గరికి పోయి ఉన్న సంగతి చెప్పేద్దామని లేచింది. సరిగ్గా అప్పుడే రాజలింగం గొంతు రోడ్డంతా మోగింది.

"పూల్‌సింగన్న అర్ర పూల్‌సింగన్నకు ఇడిచిపెట్టేదాక ఈడికెల్లి కదిలేది లేదు."

తారి ఆగిపోయింది. నెల రోజులుగా ఆమె అడిగింది, మొగుడు అడిగాడు, ఎవరూ వినలేదు. ఇప్పుడు అదే మాట మైకు అడుగుతుంటే చాయ్ హోటల్ వాళ్లు కూడా గ్లాసులు పట్టుకొని బయటికొచ్చి వింటున్నారు. ఆమె కొంగు సర్దుకొని, పట్టా నడిమధ్యకు పోయి కూర్చుంది. ఆ రోజు తారి ఒక్క అబద్ధం ఆడలేదు. నిజం చెప్పమని మళ్లీ ఎవరూ అడగలేదు, అంతే.

సామాను తీసుకుపోవడానికి వచ్చిన ఆటోను మాత్రం ఖాళీగానే వెనక్కి తిప్పింది. "తండాకు పోయి మా సేవ్యా నాయక్‌కు చెప్పు. ట్రాక్టర్ నిండ ఆడోళ్లను తోల్కరమ్మను."

పన్నెండు గంటలకు ట్రాక్టర్ వచ్చింది. తండా పెద్ద సేవ్యా ముందు దిగాడు, వెనకాల ఆడవాళ్లు దిగారు. టెంటు చాలక ఇంకో టెంటు వేశారు. రాజలింగం మనుషుల్లో ఒకడికి దీక్షాపరుణ్ని లైవ్‌లో చూపించాలని బుద్ధి పుట్టింది. తలుపు సందుకు ఫోను ఆనించి లైటు వేశాడు.

లోపలినుంచి గావుకేక వినిపించింది. "సంపిన్రు గదరా. నా పానం తీసిన్రు."

టెంటు కింద ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. తర్వాత ఏడుపులు మొదలయ్యాయి. జరిగిందేమిటో తారి ఒక్కదానికే తెలుసు. ఉన్న రెండు కాగితాల్లో ఒకటి ఆ వెలుతురుకు నల్లబడి పోయింది.  ఆమె లేచి వెళ్లి ఆ ఫోనువాడి చెంప మీద ఒకటిచ్చింది. దీక్ష మొత్తంలో జనం ఎక్కువగా చూసిన వీడియో అదే.

దవాఖాన నుంచి నర్సమ్మ బీపీ మిషను పట్టుకొని వచ్చింది. తలుపు కొడితే "ఇప్పుడు తియ్య. పో" అని లోపలినుంచి జవాబు. "బీపీ తలుపుకు సూడాల్నా?" అని ఆమె విసుక్కొని, ఊరికే పోవడం ఎందుకని రాజలింగానికి చూసింది. చాలా ఎక్కువుంది.

మధ్యాహ్నం దాటాక తలుపు కిందనుంచి మూత్రం కంపులాంటి ఘాటు వాసన మొదలైంది. ముందు వరసలో ఉన్న ముసలవ్వ ముక్కు మూసుకుంది.

"పాపం. గందుకు గూడ బయటికి రాలేకపోతున్నడు కొడుకు."

ఆ మాటతో సగం టెంటు కళ్లు తుడుచుకుంది, మిగతా సగం కాస్త వెనక్కి జరిగింది. తారి మాత్రం గుండెలనిండా ఆ గాలి పీల్చుకుంది. అది సెలీనియం మందు వాసన. ఆ వాసన వచ్చిందంటే రెండో కాగితం దక్కింది, ఫొటో టోనింగ్ దాకా వచ్చింది.

మధుకర్ ఆ టైముకు భూపాలపల్లిలో ఉన్నాడు. జడ్పీటీసీ టికెట్టు కోసం ఒక పెద్ద నాయకుడికి శాలువా కప్పబోతుంటే, ఆయన తన ఫోను తిప్పి చూపించాడు. అందులో మధుకర్ కాంప్లెక్సు ఉంది, దాని ముందు టెంటు ఉంది, తారి చెంపదెబ్బ ఉంది.

"నీ ఇంటి ముంగట మనిషి సస్తుంటే నువ్వీడ శాలువలు కప్పుతున్నవా?"

శాలువా కారులో పడేసి మధుకర్ ఎక్కడా ఆగకుండా వచ్చాడు. దిగేసరికి తండా ఆడవాళ్లు దారి ఇవ్వలేదు. సందుల్లోంచి నెట్టుకుంటూ తారి దగ్గరికి చేరాడు.

"ఏంది తారీ గిది? నన్నడిగితే కాదంటనా?"

"నెల సంది అడిగినం పటేలా."

"నవ్వుకుంట అడిగిన్రు గావచ్చు."

"నవ్వింది నువ్వే."

ఫోన్లన్నీ తనవైపే ఉన్నాయని మధుకర్ గమనించాడు. తలుపు దగ్గరికి పోయి, జీవితంలో ఎన్నడూ వాడని మెత్తటి గొంతుతో అరిచాడు. "పూల్‌సింగ్ తమ్మీ, నీకేం గావాలె? అడుగు."

టోనింగ్ అయిపోయిన ఫొటోను ఇక కడగాల్సి ఉంది. బకెట్లలో నీళ్లు అయిపోయాయి. పిలిచిందెవరో ఫ్యాను చప్పుడులో పూల్‌సింగ్‌కు తెలియలేదు. "నీళ్లు గావాలె," అని అరిచాడు. "నల్లా ఇడువుండ్రి. నీళ్లు లేకుంటే ఇయ్యాల్టితోని అయిపోతది."

"విన్నరా?" అన్నాడు రాజలింగం మైకులో. "నీళ్లు గూడ బందు వెట్టిండు."

జనం ఒక్క అడుగు ముందుకు జరిగారు. మధుకర్ రెండడుగులు వెనక్కి జరిగి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, కాంప్లెక్సు పక్క గుంతలో మోకాళ్ల మీద కూర్చొని తన చేతులతోనే వాల్వు తిప్పాడు. బురదతో లేచి వచ్చి మళ్లీ తలుపు కొట్టాడు. "ఇంకేం గావాలె తమ్మీ?"

లోపల నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"మాట్లాడ్తలేడు," అన్నాడు మధుకర్ బిక్కమొహంతో.

"అర్ర గావాలె పటేలా," అంది తారి. "గంతే."

మధుకర్ చుట్టూ చూశాడు. పగవాడి మైకే తీసుకొని, ఆ అర్ర పూల్‌సింగ్ ఉన్నన్నాళ్లూ పూల్‌సింగ్‌దేనని, కిరాయి పెంచనని, నల్లా ముట్టనని, అసలు టిఫిన్ సెంటరు ఆలోచన తనది కానే కాదని చెప్పాడు.

"ఫోన్లల్ల పట్టిండ్రా?" అని సేవ్యా అడిగాడు.

"పట్టినం," అని తండా మొత్తం జవాబిచ్చింది.

"ఇగ కాయితం అక్కర లేదు."

అప్పుడు తలుపు తెరుచుకుంది. లోపల నీళ్లు వాటంతటవే పారుతున్నాయి గనక, టోను ఎట్లా వచ్చిందో ఒకసారి ఎండలో చూసుకుందామని పూల్‌సింగ్ బయటికొచ్చాడు. చేతులకు రబ్బరు తొడుగులు, ఘాటుకు ఎర్రబడ్డ కళ్లు, చేతిలో అద్దం పలక, దాని మీద తడి ఫొటో. మధుకరూ రాజలింగమూ చెరొక నిమ్మరసం గ్లాసుతో మోచేతులు పొడుచుకుంటూ ముందుకు ఉరికారు. అతను ఇద్దరి మధ్యలోంచి దూరి ఎండలోకి పోయాడు.

జనం మెడలు చాచి చూశారు. ఫొటోలో ఇరవై ఏళ్ల తారి ఉంది. తండాలో వాకిట్లో నిలబడి, ఎండకు కళ్లు చికిలించి, ఫొటో తీసేవాణ్ని కొరకొర చూస్తోంది. రవికె మీది అద్దాలు ఒక్కొక్కటీ వేరువేరుగా మెరుస్తున్నాయి. జుట్టు నలుపు బాయిలోకి తొంగి చూసినంత లోతుగా ఉంది. ఎప్పుడో కొత్త కాపురంలో తీసి, సరిగ్గా కడగడానికి చేయి తిరగలేదని దాచిపెట్టిన ఫిల్ము అది. గది పోయేముందు ఈ ఒక్క పని చేయాలనుకున్నాడు.

తారి చాలాసేపు చూసింది. "ముక్కు గింత లావున్నదా నాది?"

"ఉన్నదే వచ్చింది," అన్నాడు పూల్‌సింగ్. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఏందే గీ జనం?"

"నువ్వు దీక్ష చేసినవ్. అర్ర గెలిసినవ్."

"నేనా?"

"నోరు మూసుకొని చేతులు కడుక్కరా పో. బువ్వ వెడ్త."

అంటూనే ఆమె మధుకర్ చేతిలోని గ్లాసు తీసుకొని నిమ్మరసం తాగింది. తర్వాత రాజలింగం గ్లాసు కూడా తీసుకొని తాగింది. పొద్దటి నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు. ఆ సంగతి ఏ మైకూ అడగలేదు.

మధుకర్‌కు మాత్రం దీక్ష విరమింపజేస్తున్న ఫొటో ఒకటి కావాలి, భూపాలపల్లికి పంపాలి. ఖాళీ గ్లాసైనా ఫరవాలేదన్నాడు. ఆ పాత కెమెరాతోనే తీస్తే జనంలో విలువుంటుందని కూడా అన్నాడు. పూల్‌సింగ్ చేతులు కడుక్కొని వచ్చి, ఫొటో తీసేది తానే గనక తన బదులు సేవ్యాను కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసు అందిస్తున్నట్టు మధుకర్‌ను ఎండకు ఎదురుగా వంగి నిలబెట్టాడు. రాజలింగం కూడా పిలవకుండానే వచ్చి సందులో ఇరుక్కున్నాడు.

"నవ్వు ఇడువకన్నా. పాత కెమెరా, జర టైం పడ్తది," అని పూల్‌సింగ్ పైనుంచి తొంగి చూస్తూ, ముందుకు జరుగుతూ, వెనక్కి జరుగుతూ, ఫోకస్ తిప్పుతూనే ఉన్నాడు. మధుకర్ నడుం వంగిపోతోంది, దవడ వణుకుతోంది, నవ్వు మాత్రం వదల్లేదు. తండా ఆడవాళ్లు ఆ నవ్వును కడుపునిండా చూశారు.

కెమెరాలో ఫిల్ము లేదని తారికి తెలుసు.