అత్తగారి సిలువకు మేకు కొట్టిన వైనము

ఏ దిక్కున చూచినను ఎండబెట్టిన మిరపకాయల రాశులు నేలను ఎర్రగా కప్పివేయునో, ఏ దారిన పోయినను పత్తి మూటల లారీలు త్రోవనంతటిని ఆక్రమించి వెనుకవచ్చు బైకులవారి సహనమును పరీక్షించుచుండునో, ఏ ఇంట తలుపు తీసినను అతిథికంటె ముందుగా ఒక తుమ్ము వెలువడునో, అట్టి గుంటూరు సీమలో, పెదకాకానికి కూతవేటు దూరమున కొత్తగా వెలసిన కాలనీయందు, ఈస్టరుకు ముందటి లెంటు ఉపవాసదినములలో ఒకానొక శనివారమున, భోజనానంతరనిద్రాసుఖమును తృణప్రాయముగా త్యజించి, కుడిచేత సుత్తిని, ఎడమచేత మేకును ధరించి, ప్లాస్టిక్ స్టూలుపై అధిరోహించిన మహావీరుని గాథను గానము చేయబూనితిని. తుమ్ములు వచ్చువారు ఇప్పుడే తుమ్ముకొని సావధానులై వినుడు.

ఆ వీరుని నామధేయము కరుణాకర్. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు, బాప్టిస్టు సంఘమునకు కార్యదర్శి, సమాసములు కూర్చుటలో దిట్ట, ఇంటిపనులలో సున్న. ఈ కావ్యమును పాడుచున్న కవియు అతడే. తన్ను పొగడుటకు వేరొక కవి ముందుకు రాకపోవుటచేత ఆ భారమును తానే వహింపవలసి వచ్చెను. కనుక ఇందు పొగడ్తలు ఒకింత మోతాదు మించినచో చదువరులు సర్దుకొనవలెను.

ఇక యుద్ధకారణము. వీరుని అత్తగారు లూర్దమ్మగారు ఫిరంగిపురం ప్రక్క పల్లెలో ఒంటరిగా నివసించు ఆర్.సి.ఎం., అనగా రోమన్ కాథలిక్కు, విశ్వాసి. క్రిందటి సంవత్సరము ఆమె కూతురి కొత్త ఇంటికి ఉండిపోవుటకే వచ్చి, గోడలు బోసిగా ఉన్నవని ఒక్క మాట అని, రెండవనాడే సంచి సర్దుకొని వెళ్ళిపోయెను. ఇప్పుడు మోకాలికి శస్త్రచికిత్స జరిగెను. ఒంటరిగా ఉండరాదని వైద్యుడు గట్టిగా చెప్పెను. ఈసారి ఆమె నిలుచునా, మరల వెళ్ళిపోవునా అన్నదే వీరపత్ని ఆరాధనకు పట్టుకున్న దిగులు.

అందుకై ఆమె తల్లిని బ్రతిమాలి, ఆమె పల్లెయింటి గోడనుండి ఒక వస్తువును ముందుగానే తెప్పించెను. పాతచీరలో చుట్టిన ఆ మూట విప్పగా నల్లని కొయ్యసిలువ, దానిపై ఇత్తడితో పోతపోసిన ప్రభువు దేహము బయల్పడెను. ముళ్ళకిరీటము, వాలిన శిరస్సు, చేతులకు మేకులు. విగ్రహమంతయు నల్లబారియుండగా పాదములు మాత్రము తళతళ మెరయుచుండెను. ఎవరో తోమబోయి, బద్ధకించి, పాదములతో సరిపెట్టిరని వీరుడు తీర్మానించెను.

“ఏమండీ, అమ్మ ఐదింటికల్లా దిగుతుంది. ఈలోగా దీన్ని హాల్లో తగిలించండి” అని ఆరాధన పలికెను.

ఆ పలుకులు చెవిని పడినంతనే వీరుని కనుబొమలు ముడివడెను. ఏలయన ఆతని సంఘమున సిలువ అనగా అడ్డముగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు కర్రలు మాత్రమే. దానిపై దేహముండదు. అట్లేల ఉండదో మొన్నటి యువజన కూటమిలో ఆతడే బల్లగుద్ది బోధించియుండెను. పైపెచ్చు ఆ సాయంకాలమే సంఘపెద్దలు గృహప్రార్థనకై ఆ హాలునకే రానుండిరి. అప్పుడాతడు సోఫా ప్రక్కన నిలిచి, కుడిచేయి పైకెత్తి ఇట్లు గర్జించెను:

“ఓ ఆరాధనా! సమాధి శూన్యము గనుకనే సిలువయు శూన్యమని, మృత్యుంజయుడైన ప్రభువును మరల మేకులకు అప్పగింపరాదని, మైకు పనిచేయకున్నను కడపటి బెంచీవరకు వినబడునట్లు ఘోషించిన కంఠము ఇదియే! ఆ ఘోషను ఆలకించి తలలూపిన పెద్దలు, ముఖ్యముగా చండశాసనుడైన మార్కుగారు, ఈ సంధ్యవేళ ఈ హాలున ఆసీనులగుచుండగా, ఈ కరములతోడనే నేను స్వరూపమును, దేహమున్న ఈ విగ్రహమును, గోడకు వ్రేలాడదీయుదునా? నా ఉపదేశము గాలికి పోదా? నా కార్యదర్శిత్వము మంటగలియదా?”

“అయ్యిందా?” అని ఆరాధన అడిగెను. “సుత్తి ఫ్రిజ్ మీదుంది. అమ్మ అక్కడ ఒక్కతే జారిపడితే లేపే దిక్కు లేదు. ఈసారి గనక వెళ్ళిపోయిందా, నేనూ అమ్మతోపాటే బస్సెక్కుతా. మీరూ మీ కార్యదర్శిత్వం కలిసి అన్నం వండుకోండి.”

వీరుడు సుత్తిని అందుకొనెను. అయినను పండితుడు గదా, క్షణములో ఒక వ్యూహమును పన్నెను. హాలులోనే తగిలింపవలెను, కాని పెద్దల కంట పడరాదు. పెద్దలు వచ్చెదరు, కూర్చుండెదరు, కన్నులు మూసికొందురు, ప్రార్థన ముగియగానే పకోడీలవైపు చూచెదరు. మెడలెత్తి కప్పును చూచు పెద్ద ఇంతవరకు పుట్టలేదు. కావున అటక ప్రక్కన, కప్పుకు జానెడు దిగువన సిలువను ప్రతిష్ఠించినచో ఇంట శాంతియు సంఘమున పరువును ఏకకాలమున దక్కును. “గౌరవమునకు ఔన్నత్యము అవసరము” అని పైకి మాత్రము ప్రకటించి ఆతడు స్టూలెక్కెను.

“అక్కడ బీముందండీ, మేకు దిగదు. ఇల్లు కట్టేటప్పుడు రోజూ నీళ్ళు కొట్టింది నేనే. కాస్త కిందకి కొట్టండి, ఇటుకగోడ” అని ఆరాధన వంటింటినుండి హెచ్చరించెను. వీరులు హెచ్చరికలను వినరు. విన్నచో వీరగాథలే ఉండవు.

అంతట సంగ్రామము ప్రారంభమయ్యెను. మొదటి మేకు సిమెంటును ముద్దాడి, రెండు దెబ్బలు సహించి, మూడవ దెబ్బకు కొక్కెమువలె వంగి వీరమరణము పొందెను. దాని సోదరుడు దెబ్బ తప్పించుకొని గాలిలోనికి లేచి, సోఫాక్రిందకు దూరి, ఎంత వెదకినను దొరకక అజ్ఞాతవాసమునకు పోయెను. సిమెంటు రజను వీరుని కన్నులలో, ముక్కులో, నోటిలో నిండెను. గోడపై మాత్రము పిచ్చుకపిల్ల పొడిచినంత గుంట యైనను పడలేదు. “ఓరీ కాంక్రీటూ! ఇసుకయు కంకరయు కలిసిన అహంకారమా! నిన్ను కట్టించిన అప్పు నేనింకను తీర్చుచుండగా నామీదనే నీకింత పొగరా?” అని వీరుడు పండ్లు కొరికెను.

మరల మేకు నిలిపి, ఊపిరి బిగబట్టి, సుత్తిని చెవివరకు లేవనెత్తి, సర్వశక్తులను కూడదీసికొని దింపబోవు ఆ మహాక్షణమున, ఎదుటి కళ్ళములో కూలీలు ఎండుమిర్చిని తిరుగవేసిరి. ఆ ఘాటును మోసికొని గాలి కిటికీలోనుండి వచ్చి వీరుని నాసికాద్వయమును సోకెను. తుమ్మును, దెబ్బయు ఒక్కసారే వెలువడెను. అబ్బా, నా వేలు! చచ్చానురా దేవుడోయ్! క్షమింపుడు. వీరుని వేలు, ఎడమ బొటనవ్రేలు, చూచుచుండగనే వంకాయరంగునకు తిరిగెను.

అయినను ఆతడు వెనుదిరుగలేదు. కంట నీరు తుడుచుకొని, వీధిచివరి దుకాణమునుండి కాంక్రీటు మేకును తెచ్చి, కొట్టికొట్టి, ఎట్టకేలకు గోరంత లోతునకు దానిని దింపి, దానిపై సిలువను వ్రేలాడదీసి, స్టూలు దిగి నడుముపై చేయి వేసికొని నిలిచెను. సిలువ కప్పునంటినట్లే యుండెను. ఫ్యాను ఆడుచున్నంతసేపు దానినెవ్వరును గమనింపలేరని వీరుడు లోలోన మురిసెను.

ఇంతలో ఆటో ఆగెను. ఊతకర్ర మొదట, దాని వెనుక లూర్దమ్మగారు గుమ్మము దాటి లోనికి వచ్చిరి. ఆమె దృష్టి గోడలన్నిటిని వెదకి వెదకి పైకి ప్రాకెను. సిలువ కనబడగనే ఆ ముడుతల ముఖము విప్పారెను.

“ఎంత ఎత్తున పెట్టావు బాబూ!” అని ఆమె అనెను.

వీరుడది ప్రశంసయని భావించి వినయముగా తల వంచెను. కాని ఆమె నేరుగా గోడయొద్దకు పోయి, కర్రను ఆనించి, కుడిచేయి పైకి చాచెను. చేయి సగము దూరము పోయి ఆగిపోయెను. ఆమె మునివ్రేళ్ళపై లేవబోయెను. మోకాలు సహింపక తూలెను. ఆరాధన పరుగున వచ్చి పట్టుకొనెను. ఆ వృద్ధురాలు కూతురి చేయి విడిపించుకొని, అటునిటు చూచి, వీరుని స్టూలును తనవైపు లాగుకొనసాగెను.

“అత్తయ్యగారూ, ఏం చేస్తున్నారండీ? మోకాలికి కుట్లున్నాయి!”

“కాళ్ళు ముట్టుకోవాలి బాబూ. పొద్దునా సాయంత్రం ఆ కాళ్ళ మీద చెయ్యి వెయ్యందే నాకు జపం సాగదు. అలవాటైపోయింది.”

పాదములు మాత్రమే ఏల మెరయుచుండెనో పండితునికి అప్పుడు తెలిసెను. అయినను ఆతనిలోని యువజన కూటమి ఉపన్యాసకుడు ఇంకను బ్రతికియుండెను. ఆతడు గొంతు సవరించుకొని, “అత్తయ్యగారూ, ప్రభువు లేచెను గదా! సిలువ ఖాళీయైనది గదా! ఆయనను ఇంకను అచ్చటనే ఉంచుట...” అని ఆరంభించెను.

“లేచాడని నాకు తెలీదా బాబూ? ఈస్టర్‌కి మీ అందరికన్నా ముందు లేచి గుడికి పొయ్యేది నేనే” అని ఆమె నవ్వెను. “ఆదివారం ఆయనకేం తక్కువ? అందరూ వస్తారు, పాటలు పాడతారు. సిలువేసిన శుక్రవారం నాడే కదా అందరూ వదిలేసి పొయ్యింది. మీ మామగారు ఆస్పత్రిలో పొయ్యేటప్పుడు నేను చెయ్యగలిగిందేవుంది? కాళ్ళు పట్టుకుని కూర్చున్నా. నొప్పితో ఉన్నవాళ్ళ దగ్గర ఒకళ్ళుండాలి బాబూ. అందుకే కాసేపు ఆయన దగ్గరుంటా, అంతే.”

పిమ్మట ఆమె ఆతని బొటనవ్రేలిని చూచి, “అయ్యో, ఇదేంటి? దీనికోసమే దెబ్బ తగిలించుకున్నావా? నొప్పిగా ఉందా?” అని ఆ చేతిని తన రెండు చేతులలోనికి తీసికొనెను. “పర్లేదులే బాబూ, నాకందకపోతే ఏం? మీ పద్ధతి మీది. పొద్దున్నే ఫస్టు బస్సుకి పోతాలే. ఏమనుకోబాకండి.”

ఆమె మాటలో కోపము లేదు, ఎత్తిపొడుపును లేదు. ఆరాధన మాత్రము గోడవైపు తిరిగి కొంగుతో కన్నులద్దుకొనుచుండెను. నాకు సిగ్గేసింది. వీరునికి కాదు, నాకు.

సరిగా ఆ ఘడియలోనే గేటుముందు మార్కుగారి స్కూటరు ఆగెను. వెనుకనే మరి ఇద్దరు పెద్దల దగ్గులు వినబడెను. పైనున్న సిలువను పైననే ఉంచి, పకోడీలు పెట్టి, ప్రార్థన చేయించి, మరునాడు ఇద్దరు స్త్రీలను బస్సెక్కించుట సులభమైన మార్గము. అయినను వీరుడు స్టూలెక్కెను.

పెద్దలు బైబిళ్ళు చంకను పెట్టుకొని లోనికి వచ్చునప్పటికి, వీరుడు ఒక చేత సిలువతో, మరొక చేత సుత్తితో, తలనిండ సున్నముతో దిగుచుండెను.

“ఏంటి మాస్టారూ, ప్రార్థనకి పిలిచి మేకులు కొడుతున్నారు?” అని మార్కుగారు నవ్వబోయి, ఆతని చేతిలోనిది చూచి ఆగిరి. “ఇది స్వరూపం కదా?”

వీరుడు రొమ్ము విరిచి, సుత్తిని పైకెత్తి, తన జీవితములోకెల్ల మహత్తరమైన ఉపన్యాసమును ఆరంభించెను:

“ఓ సంఘపెద్దలారా! సత్యధర్మపరాయణులారా! వినుడు! ఈ సిలువను నేను... ఈ గోడను... అంటే, మా అత్తయ్యగారికి అందాలండీ. కాళ్ళు ముట్టుకుంటారు. పైన అందట్లేదు.”

ఇంతే. ఉపన్యాసము ముగిసెను. మార్కుగారు ఆతనిని చూచిరి. పిదప లూర్దమ్మగారిని, ఆమె ఊతకర్రను చూచిరి. బైబిలును సోఫాపై పెట్టి లేచిరి.

“అందాలంటే ఆవిడ చెయ్యి ఎంతవరకు వస్తుందో ముందు చూడాలి కదండీ. చూడకుండా ఎట్టా కొడతారు? అమ్మా, ఓసారి చెయ్యెత్తండి. నొప్పి పుట్టకుండా, వచ్చినంత వరకే.”

లూర్దమ్మగారు చేయెత్తిరి. మార్కుగారు ఆ చోట గోడపై తన వ్రేలుంచి, సిలువ పొడవును పైకి కొలిచి, “ఇక్కడ మేకు పెట్టండి. పెట్టి చూసి కొట్టండి, నా వేలుంది” అనిరి. అది హాలు నడిమి గోడ, గుమ్మములో నిలిచినవారికి సూటిగా కనబడు గోడ, ఇటుకగోడ. మామూలు మేకు రెండు దెబ్బలకు దిగెను. ఇంత సులభముగా దిగు మేకుకై మధ్యాహ్నమంతయు నేను చేసిన వీరవిహారమును తలచుకొని ఆరాధన నోటికి చేయి అడ్డుపెట్టుకొనెను.

సిలువ ఎడమకు వాలినదని ఒకరు, కుడికని మరొకరు వాదించిరి. మూడవ పెద్ద ఏమియు అనక, తన కుర్చీని మాత్రము సిలువవైపు వీపు ఉండునట్లు త్రిప్పుకొని కూర్చుండెను. వచ్చే కమిటీలో ఆయన ఈ సంగతిని తప్పక లేవనెత్తును. లేవనెత్తనిండు.

లూర్దమ్మగారు గోడయొద్దకు వెళ్ళి ఆ ఇత్తడి పాదములపై అరచేయి మోపి కన్నులు మూసికొనిరి. మార్కుగారి ప్రార్థన చాల నిడివియైనది. అంతసేపును ఆ చేయి అక్కడనే ఉండెను. నేను కన్నులు మూసుకోవలసినవాడనే, మూసుకోలేదు.

ఆమెన్ అనిన పిమ్మట ఆమె వెనుదిరిగి, “ఏమ్మా, మినప్పప్పు నానబోశావా? పొద్దున దోసెలు నేనేస్తా” అని కూతురిని అడిగెను.

కావున ఓ గుంటూరు సీమవాసులారా! డప్పులు మ్రోగింపుడు, తోరణములు కట్టుడు! బహుమేకుసంహారకుడును, నీలాంగుష్ఠభూషణుడును, రాబోవు కమిటీలో సంజాయిషీ చెప్పవలసినవాడునగు కరుణాకర్ మహావీరుడు, పెద్దల సమక్షమున, ఇటుకగోడలో, ఒక ముసలమ్మ చేతికందునంత ఎత్తున, ఒకే ఒక్క మేకును విజయవంతముగా దింపెను! మరునాటి ఉదయము ఫిరంగిపురము పోవు మొదటి బస్సు వేళకే వచ్చి, వేళకే బయలుదేరెను. లూర్దమ్మగారు అందులో ఎక్కలేదు.