వంక లేని వంకర

ఆ ఆదివారం పొద్దున సర్వేయరు వేసుకున్న పథకం చాలా తిన్ననిది. మట్టిపాత్రల సంఘం అధ్యక్షుడు ఇంటికి వస్తాడు, గిన్నె చూస్తాడు, సంఘంలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సభ్యత్వం చేతిలో పెట్టి వెళ్తాడు. వారమంతా ఊరివాళ్ళ స్థలాలకి తిన్నటి హద్దులు గీసీ గీసీ విసిగిన సర్వేయరుకి జపాను తీరు గిన్నెల పిచ్చి పట్టింది. గాజుపూత పూసి, మట్టి రాయిలా గట్టిపడేదాకా కాల్చిన గిన్నెలు. వాటిలో ఒకటి ఆయన ప్రాణం. బూడిదరంగుది. అంచు ఓ పక్కకి ఒరిగి, పూత ధారగా జారి అడుగున బొట్టై గడ్డకట్టింది.

"ఆ వంకర ఆయన కంట్లో పడకుండా పోదే!" అని భార్యతో చెప్పి, జబ్బలు చరుచుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

వంటింట్లో ఉన్న అత్తగారికి మాట వినపడింది. జబ్బలు కనపడలేదు.

"పాపం, అల్లుడు లోలోపల ఎంత కుమిలిపోతున్నాడో!" అనుకుంది. ఆవిడ అసలే మంచి మనిషి, ఆపైన బేరానికి దిగితే కొట్టువాడికి ముచ్చెమటలు పోయించే మనిషి. గిన్నె సంచిలో వేసుకుని, అల్లుడు దాన్ని కొన్న వీధి చివరి కొట్టుకి బయలుదేరింది.

సర్వేయరు తల తుడుచుకుంటూ వచ్చేసరికి బల్ల మీద గిన్నె లేదు. ఆరు తెల్లటి కప్పులు కవాతుకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నాయి.

"ఎవరివే ఇవి?" అన్నాడు.

"మీవే బాబూ!" అత్తగారు మెరిసిపోతూ వచ్చింది. "మీ మెతకదనం చూసి ఆ కొట్టువాడు వంకరది అంటగట్టాడు. వాడి మొహాన కొట్టి, తిన్ననివి తెచ్చాను. ఒక్కటి ఊగితే నన్నడగండి."

"అత్తయ్యగారూ! ఆ వంకరే దాని అందమండీ!"

"మోసపోయినవాళ్ళందరూ అలాగే అంటారు బాబూ."

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే సర్వేయరు కొట్టుకి పరిగెత్తాడు.

"ఇప్పుడే అమ్ముడుపోయిందండీ," అన్నాడు కొట్టువాడు.

"తిరిగొచ్చిన సరుకని చెప్పావా?"

"భలేవారే! ఇప్పుడే బట్టీలోంచి దిగింది, మనిషి చెయ్యి తగల్లేదని చెప్పాను."

కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. అధ్యక్షుడు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో పసిపిల్లలా గిన్నె.

"దార్లో కొట్లోకి తొంగిచూశానయ్యా, అదృష్టమంటే ఇదీ! జీవితమంతా జనం వంకర పళ్ళు సరిచేసిన డాక్టర్ని. వంక పెట్టలేని వంకర ఇవాళే చూశాను."

నాదే అంటే కప్పుల కథ చెప్పాలి. చెబితే సంఘమంతా పగలబడి నవ్వుతుంది. కక్కలేక మింగలేక సర్వేయరు తన గిన్నెని తనే కొత్తగా చూస్తున్నట్టు పొగిడాడు. పొగిడినకొద్దీ అధ్యక్షుడు పట్టు బిగించాడు.

"నాకిచ్చేస్తారా?"

"ప్రాణం అడుగు, ఇస్తాను. దీన్ని మాత్రం అడక్కు."

అంతలో అత్తగారు కొత్త కప్పుల్లో టీ తెచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యయ్యో, మీకూ అంటగట్టాడా దొంగసచ్చినోడు! పొద్దున నేనే కదండీ దీన్ని వాడి మొహాన కొట్టొచ్చింది!"

అధ్యక్షుడు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. అప్పటిదాకా వయ్యారంగా ఒరిగిన అంచు ఆయన కళ్ళ ముందే ఒట్టి వంకరైపోయింది.

"నాకూ అనుమానంగానే ఉందమ్మా," అంటూ గిన్నెని రెండువేళ్ళతో పక్కకి జరిపాడు. "ఒకరు తిప్పికొట్టిన సరుకు నాకెందుకు? నీకు ముచ్చటగా ఉన్నట్టుందిగా, నువ్వే ఉంచుకోవయ్యా."

సర్వేయరు గిన్నెని గుండెకి హత్తుకున్నాడు. "మరి... నా సభ్యత్వమండీ?"

"ఇలాంటిది దొరికిందని మురిసిపోయేవాణ్ణి ఎలా చేర్చుకోమంటావయ్యా? కన్నంటే ఈవిడది! నన్ను ముంచిన సరుకుని గుమ్మంలోంచే పోల్చేసింది."

వారం తిరక్కుండానే సభ్యత్వం ఆ ఇంటికే వచ్చింది, అత్తగారి పేరు మీద.