ఒక ఇల్లు, మూడు పాలగిన్నెలు

ఆ శుక్రవారం పొద్దున వెంకటరామారావు పెట్టుకున్న పనులు రెండే. పైవాటా తాళంచెవి కిరాయిదారు చేతిలో పెట్టడం, ఆ తర్వాత వేంసూరు తోటకు పోయి పామాయిల్ గెలలు కోయించడం. గెలలు కోయించడం ఆయనకు కొత్త కాదు. తాళంచెవి ఇవ్వడం మాత్రం జీవితంలో ఇదే మొదటిసారి. అందుకే తెల్లారకముందే లేచి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళంచెవికి కూడా పసుపు రాసి బల్ల మీద పెట్టుకున్నాడు.

తమ్ముడితో పంపకాలయ్యాక ఊళ్లో ఇల్లు తమ్ముడికి వదిలేసి, సత్తుపల్లిలో ఈ ఇల్లు కట్టాడాయన. కింద రెండు గదులు తమకు, పైన మూడు గదులు కిరాయికి. ఓనరు కంటే కిరాయిదారుకు ఎక్కువ గదులేమిటని మేస్త్రీ మొత్తుకున్నా వినలేదు. బొగ్గు గనిలో పనిచేసేవాళ్లు పెద్ద వాటా అయితేనే వస్తారని ఎవరో చెప్పారు. పైగా నలుగురి చేతా ఓనరుగారూ అని పిలిపించుకోవాలని ఆయనకు ఎంతో ముచ్చట.

కోరుకున్నట్టే గని ఉద్యోగి శివకుమార్ ఇల్లందు నుంచి బదిలీ మీద వచ్చాడు. ఇంట్లో భార్య తిరుమల, తల్లి బతుకమ్మ, అంతే. నాలుగు రోజుల్లో ఆషాఢం. ఆషాఢంలో ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు. ఈలోపు మంచిరోజు ఈ శుక్రవారం ఒక్కటే, అదీ ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకానే అని పంతులుగారు తేల్చేశారు. ఆ గంట దాటితే మళ్లీ శ్రావణం దాకా ఆగాలి.

శివకుమార్ వాళ్లు చెప్పిన టైముకే దిగారు. బతుకమ్మ పైకెళ్లి ఆగ్నేయం మూల పొయ్యి పెట్టించి, పాలగిన్నె ఎక్కించింది. పాలు తూర్పు వైపు పొంగి పొర్లాయి. "మీ ఇల్లు మంచిగ కలిసొచ్చింది సారూ," అందావిడ. ఓనరు గారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అదే ఛాతీతో ఆయన మెట్లు దిగి వచ్చేసరికి గేటు ముందు ఇంకో ట్రాలీ ఆటో నిలబడి ఉంది.

అందులో రెండు మంచాలు, బియ్యం బస్తా, గ్యాసు బండ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పెనుబల్లి దగ్గర బడిలో టీచరుగా పనిచేసే హాతీరాం ముందు దిగాడు. వెనకాలే అతని భార్య చాంది పాలగిన్నె పట్టుకుని దిగింది.

"నమస్తే సార్. మేడం ఈ టైంకే పాలు పొంగించుకోమన్నది," అన్నాడు హాతీరాం.

మేడం అంటే సుబ్బరత్నం, ఓనరు గారి భార్య. ఆవిడ కథ ఇలా ఉంది. మూడు రోజుల కింద కూరగాయల మార్కెట్లో చాంది పరిచయమైంది. ఊళ్లో ఐదిళ్లు చూశారట. ఐదు చోట్లా ముందు పేరడిగారు, తర్వాత ఏం తింటారని అడిగారు, ఆ తర్వాత అందరికీ ఉన్నట్టుండి కూతురో చెల్లెలో వచ్చి ఉంటుందని గుర్తొచ్చింది. అది విని సుబ్బరత్నానికి ఒళ్లు మండిపోయింది. మా ఇల్లుంది, శుక్రవారం వచ్చి పాలు పొంగించుకోండని అక్కడికక్కడే మాటిచ్చేసింది.

కిరాయి వ్యవహారం మగవాళ్లదని ఆయన ఆవిడకు చెప్పలేదు. చెబితే వంక పెడతాడని ఆవిడ ఆయనకు చెప్పలేదు. ఇద్దరూ విడివిడిగా ఒకే పంతులు గారి దగ్గరికి వెళ్లారు. భార్యాభర్తలు ఇంత చిన్న విషయం కూడా సరిచూసుకుంటున్నారని ఆయన ముచ్చటపడి, ఇద్దరికీ అదే గంట చెప్పి పంపారు.

వంటింట్లో మొగుడూ పెళ్లాం గుసగుసగా పోట్లాడుకున్నారు. గడియారం ఎనిమిది యాభై దాటింది. ముహూర్తం పట్టింపు తమకు లేదని, మెల్లగా మాట్లాడుకోమని హాతీరాం గుమ్మంలోంచి రెండుసార్లు చెప్పాడు. కానీ పట్టింపు సుబ్బరత్నానికి ఉంది. మంచి గడియ కళ్లముందే కరిగిపోతుంటే ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది. అప్పుడు వెంకటరామారావుకు గొప్ప ఉపాయం తట్టింది. ముందు వీళ్లను కింద మన పొయ్యి మీదే పాలు పొంగించుకోనిద్దాం, గడియ దాటాక మిగతాది చూద్దాం అన్నాడు.

చాంది పాలు కూడా బ్రహ్మాండంగా పొంగాయి. సుబ్బరత్నం ఆనందం పట్టలేక హారతిచ్చి, పిల్లల నోట్లో బెల్లం ముక్క పెట్టి, "ఇక ఈ ఇల్లు మీదేనమ్మా," అని దీవించింది. దీవించాక గానీ తానేమందో ఆవిడకు తెలియలేదు. పాలు పొంగించిన ఇంట్లో మూడు రాత్రులు నిద్ర చెయ్యాలి. ఈలోగా ఇంకో బేరం ఉందని ఆటోవాడు మంచాలు దించి హాల్లో వేసి పోయాడు. పంతులు గారికి ఫోన్ చేస్తే, పాలు పొంగిన ఇంటి నుంచి ఎవరినీ లేపకూడదు, లేపినవాళ్లకు అసలే మంచిది కాదని చెప్పి పెట్టేశారు.

హాతీరాంకు సంగతి అర్థమైంది. "మేం పోతం సార్. సామాను బడిలో పెట్టుకుంటం. పిల్లల్ని తండాకు పంపిస్త," అన్నాడు.

చాంది అప్పటికే సుబ్బరత్నం వాళ్ల పొయ్యి మీద పొంగిన పాలను తడిగుడ్డతో శుభ్రంగా తుడుస్తోంది. పోయే ఇంటిని కూడా ఇంత శుభ్రంగా తుడుస్తుందేమిటి ఈ పిల్ల అనుకున్నాడు వెంకటరామారావు. ఐదిళ్లు కాదన్నాయి. ఆరోది తన ఇల్లు కాబోతోంది. ఓనరు అనిపించుకోవడానికి ఎంత మురిసిపోయాడో, ఆ క్షణాన అంత సిగ్గుపడ్డాడు.

"ఎక్కడికీ పోవద్దు మాస్టారూ. ఈ వాటా మీదే," అన్నాడు.

పెళ్లయిన ముప్పై ఏళ్లలో సుబ్బరత్నం మొగుణ్ణి అంత మెచ్చుకోలుగా చూసింది లేదు. ఆ చూపు కాసేపే నిలిచింది. "మరి మనమెక్కడ ఉంటామండీ?" అంది.

అప్పటికి తొమ్మిది దాటి ఐదు నిమిషాలైంది. తాము కొత్తగా ఎక్కడ చేరినా ఈ ముహూర్తంలోనే పాలు పొంగించాలి. వెంకటరామారావు స్కూటర్ తీశాడు. సుబ్బరత్నం పాలక్యాను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. మొదటి టులెట్ బోర్డు దగ్గర ఆగితే, సొంతిల్లు ఉందా అని అడిగారు. ఉందన్నాడు. మరి కిరాయికెందుకన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పేసరికి, ఆ ఇంటాయన భయపడి తలుపేసుకున్నాడు.

రెండో ఇంట్లో ఉదయశ్రీ అనే రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ ఏం చేస్తుంటారని అడిగింది. ఆయన ఇంటి ఓనరునని చెప్పాడు. "ఓనర్లకు ఇవ్వమండీ. ప్రతిదానికీ వంక పెడతారు," అందావిడ. మూడో ఇంటివాళ్లకు వీళ్లను చూడగానే కూతురు వస్తోందని గుర్తొచ్చింది.

తిరిగి వస్తుంటే సుబ్బరత్నం పాలక్యానును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "మూడిళ్లకే నాకు ఏడుపొచ్చేస్తోంది. ఆ పిల్ల ఐదిళ్లు ఎలా తిరిగిందో," అంది. వెంకటరామారావు ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాడు.

గేటు దగ్గర స్కూటర్ దిగేసరికి తొమ్మిదీ ఇరవై. బతుకమ్మ పైన పిట్టగోడ మీదికి వంగి చూస్తోంది.

"ఏంది సారూ, పాలక్యాను పట్టుకొని గట్ల తిరుగుతున్నరు?"

ఆయన దాచలేదు. మెట్ల మీద నిలబడే అంతా చెప్పాడు. బతుకమ్మ లోపలికి తిరిగి కోడలితో ఏదో మాట్లాడి మళ్లీ వచ్చింది. "మేం ముగ్గురమే. వెనక అర్ర ఖాళీగనే ఉన్నది. జల్దీ రాండ్రి, టైమయితాంది," అంది.

"ఊరికే ఎలా ఉంటామమ్మా?" అన్నాడు వెంకటరామారావు మొహమాటంగా.

"ఊరికే ఎవరుండమన్నరు? కిరాయికే."

ముహూర్తం దాటడానికి మూడు నిమిషాల ముందు, ఆ ఇంట్లో మూడోసారి పాలు పొంగాయి. పొయ్యి చాంది వెలిగించింది. గిన్నె తిరుమల ఇచ్చింది. శివకుమార్, హాతీరాం కలిసి ఓనరు గారి మంచం కింది నుంచి పైకి మోసుకొచ్చారు. మూడు గిన్నెల పాలూ కలిపి బతుకమ్మ పరమాన్నం వండితే, అందరూ డాబా మీద వరుసగా కూర్చుని తిన్నారు. శ్రావణం రాగానే డాబా మీద ఇంకో రెండు గదులు వేద్దామని సుబ్బరత్నం అంది. వెంకటరామారావు సరేనన్నాడు. ఇన్నాళ్లూ ఇద్దరే ఉన్న ఇంట్లో ఒక్క పూటలో ఇంతమంది మాటలు వినపడుతుంటే ఆయనకు కడుపు నిండినట్టుంది. గెలల సంగతి సాయంత్రం దాకా గుర్తే రాలేదు.

భోజనమయ్యాక వెనక గదిలో దేవుడి పటం పెట్టుకుందామని ఆయన మేకూ సుత్తీ తీశాడు. మొదటి దెబ్బ వెయ్యకముందే బతుకమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ జన్మంతా కిరాయి ఇళ్లలో గడిపిన మనిషి.

"ఆగుండ్రి సారూ. గోడకు మేకు కొట్టాలంటే ముందుగాల ఓనరును అడగాలె."

వెంకటరామారావు కాసేపు ఆలోచించి, ఓనరు ఒప్పుకోడని చెప్పి సుత్తి కింద పెట్టాడు.