మైకుపురుగు

కాలనీ పార్కులో పచ్చిక మధ్య ఒక మైకు మొలిచిందనీ, అది ప్రాణమున్నదనీ, సభ్యులెవరూ కంగారు పడనవసరం లేదనీ, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు దానికి ప్రారంభోత్సవం జరుగుతుందనీ సంక్షేమ సంఘం వారు నోటీసు బోర్డుకు కాగితం అంటించారు. తనంతట తానే మొలిచినదాన్ని మళ్లీ ప్రారంభించడమేమిటని ఎవరూ అడగలేదు. అడగడమనే అలవాటు కాలనీలో లేదు.

నిజానికది మైకు కాదు. రెండో అంతస్తులో ఉండే జంతుశాస్త్రం లెక్చరరమ్మ వారం రోజులు పచ్చికలో బోర్లా పడుకుని తేల్చిన సంగతులివి. అది నేల కింద బతికే జీవి. దానికి కళ్లు లేవు, కాళ్లు లేవు, తొందర అసలే లేదు. పదిహేను పరుపులు కలిపి కుట్టినంత ఒంటిని మట్టి కింద పరుచుకుని, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది. వేటంటే దాని లెక్కలో ఎదురుచూడటమే. ఒక అంచు నుంచి మాత్రం సన్నటి కాడ పైకి లేస్తుంది. కాడ కొసన నల్లగా, గుండ్రంగా, చిన్నచిన్న చిల్లులతో ఒక బుడిపె. దాని ముందు ఏం మాట్లాడినా నాలుగింతలై వినిపిస్తుంది. ఎవరైనా దగ్గరికొస్తే వాళ్ల నోటికి సరిపడే ఎత్తుకు కాడ తనే సర్దుకుంటుంది, కీచుమని అరవదు. ఈ రెండు సుగుణాలూ మనుషులు చేసిన మైకులకు లేవు గనుక, తేడా పోల్చుకోవడం చాలా సులభమని ఆవిడ నివేదికలో రాశారు. జనం మాత్రం ముద్దుగా మైకుపురుగు అన్నారు.

ప్రారంభోపన్యాసం ఇన్‌స్పెక్టరు గారిది. ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. బజారులో ఎవరి తూకంలో ఆవగింజంత తేడా ఉన్నా పట్టేసేవారు. తన ఉపన్యాసాన్ని కొలిచిన పాపాన మాత్రం పోలేదు.

ఆ ఉదయం ఆయన అద్దం ముందు గొంతు సవరించుకుంటుంటే భార్య పెట్టె సర్దుతోంది. కాలనీలో ఆవిణ్ణి అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అంటారు.

"నాలుగింటికి రైలు. గుర్తుందాండీ?"

"రెండే రెండు ముక్కలు మాట్లాడి వచ్చేస్తానోయ్. టిక్కెట్లు నా జేబులోనే భద్రంగా ఉన్నాయి."

"అక్కడున్నాయనే నా బెంగ."

బెంగకు కారణముంది. ఆవిడ చెల్లెలు నలభై ఎనిమిదో ఏట బేకరీ తెరుస్తోంది. సోమవారం పొద్దున్నే ప్రారంభం. "రిబ్బను నువ్వే కత్తిరించాలక్కా. నువ్వొచ్చేదాకా షట్టరు ఎత్తను" అని ఫోనులో మొండికేసింది. ఆ ఊరికి రైలు వారానికి ఒక్కటే.

సభకు కాలనీ మొత్తం వచ్చింది. నూట ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. సంఘం అధ్యక్షుడు లేచి, ప్రకృతి స్వయంగా ముందుకొచ్చి మన కాలనీకి మైకు సమకూర్చడం మన ఐకమత్యానికి దక్కిన గుర్తింపు అన్నాడు. తరవాత ఇన్‌స్పెక్టరు గారు మైకు ముందు నిలబడ్డారు. కాడ అంగుళమున్నర పెరిగింది. కాళ్ల కింద మట్టి ఆయన బూట్లను మెత్తగా, గౌరవంగా పట్టుకుంది.

"సమయం విలువ తెలిసినవాణ్ణి గనుక క్లుప్తంగా ముగిస్తాను" అని ఆయన మొదలుపెట్టారు. "అసలు సమయం అంటే ఏమిటి?"

ఒంటిగంటకు ఆయన నీడగడియారాల దగ్గర ఉన్నారు. అప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ కిందికి చూసుకుంటే చెప్పులు కనబడలేదు. చెప్పుల్లోని పాదాలూ కనబడలేదు. కుర్చీ కాళ్లు సగందాకా నేలలో ఉన్నాయి.

"మీ కుర్చీ కాస్త దిగినట్టుందేమిటండీ?" అంది పక్కన కూర్చున్న ఎదురింటావిడ.

"మీదీ దిగింది."

"నిన్న గడ్డికి నీళ్లు పెట్టార్లెండి. మెత్తబడి ఉంటుంది."

నివేదికలో మిగిలిపోయిన ఒక్క సంగతీ సరిగ్గా అప్పుడే తేల్చుకున్న లెక్చరరమ్మ గేటు దగ్గర నుంచి పరిగెత్తుకొస్తూ, "లేవండి! అందరూ లేవండి!" అని కేకలు పెట్టింది. మైకు లేకుండా చెప్పిన మాట గనుక ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు. ఎవరో పెద్దమనిషి మాత్రం జాలిపడి, "ఇలా వచ్చి మైకులో చెప్పమ్మా" అన్నాడు. ఆవిడ వెళ్లి ఇన్‌స్పెక్టరు గారి పక్కన నిలబడింది. కాడ ఆవిడ ఎత్తుకు దిగింది.

"వక్తకు ఏ ప్రమాదమూ లేదు. ఏ జంతువూ తాను వేసిన ఎరను తానే తినదు. దాని నోరు ఉన్నది మీ కుర్చీల కింద! భయపడకండి, దీనికి పళ్లు లేవు, కోరలు లేవు, విషం లేదు. లేచి నిలబడితే చాలు, వదిలేస్తుంది. దీనికున్న ఆయుధమల్లా మొహమాటం. అదీ దాని సొంతం కాదు, మనదే!"

చప్పట్లు మారుమోగిపోయాయి. ఆ అదురుకు కుర్చీలు ఇంకో జానెడు దిగాయి. "ఎంత చక్కగా చెప్పిందండీ, చదువంటే అదీ!" అని జనం మెచ్చుకున్నారు. ఆలస్యంగా వచ్చినవారి కోసం మళ్లీ ఒకసారి చెప్పమని అధ్యక్షుడు కోరాడు. ఇరవై రెండేళ్ల పాఠాల్లో లెక్చరరమ్మకు ఒక్క క్లాసైనా చప్పట్లు కొట్టలేదు. ఆవిడ మొహం వెలిగిపోయింది. మళ్లీ చెప్పి, సందర్భం వచ్చింది గనుక వానపాముల శ్వాసక్రియ కూడా అందుకుంది. ఆవిడ ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా ఇన్‌స్పెక్టరు గారు గోడగడియారాల గురించి చెబుతున్నారు.

మూడయ్యేసరికి సభ నడుం లోతున ఉంది. మొదట కాస్త చల్లగా అనిపించినా తరవాత హాయిగానే ఉందని, వీపుకు మంచి ఆసరా అని పలువురు అభిప్రాయపడ్డారు. ఇన్‌స్పెక్టరమ్మ భర్తకు చేతి గడియారం చూపించింది. ఆయన దాన్ని ప్రోత్సాహంగా తీసుకుని చేతి గడియారాల్లోకి వచ్చారు.

ఆవిడ లేవబోయింది. చేతి మీద చెయ్యి పడింది.

"కూర్చోండి, అందరూ చూస్తున్నారు" అంది ఎదురింటావిడ గుసగుసగా. "మధ్యలో లేస్తే ఏం బావుంటుంది? అయిపోవచ్చిందిలెండి."

"ఏది?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఎదురింటావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మ లేచింది. భూమి బద్దలు కాలేదు. పిండిలోంచి గరిటె లాగినంత చప్పుడైంది, అంతే. చీర కుచ్చిళ్లు దులుపుకుని, నూట పంతొమ్మిది మంది చూస్తుండగా నడిచి వెళ్లి, భర్త చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. కాడ మర్యాదగా ఆవిడ నోటి దగ్గరికి వంగింది. ఇన్నేళ్లలో ఆవిడ నోటికేసి వంగినది అదొక్కటే.

"ఇప్పుడు శ్రీమతి గారు రెండు ముక్కలు..." అన్నాడు అధ్యక్షుడు నేలమట్టం నుంచి ఉత్సాహంగా.

రెండేమిటి, ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో దాచుకున్న ముక్కలున్నాయి ఆవిడ దగ్గర. ఒక్క క్షణం నోరూరింది. గొంతు సవరించుకుంది కూడా. కాళ్ల కింద మట్టి అప్పటికే ఆప్యాయంగా పాదాలు తడుముతోంది. ఆవిడ పాదాలు వెనక్కి తీసుకుని, బుడిపెను రెండు వేళ్లతో పక్కకు నెట్టి, భర్త చెవిలో అడిగింది.

"వస్తారా?"

"చివరగా ఒక్క మాట చెప్పేసి..."

"సరే. చెప్పండి." ఒక టిక్కెట్టు తీసుకుని, రెండోది ఆయన జేబులోనే ఉంచి, గేటు దాటింది.

రైలు అందింది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు ఆవిడ రిబ్బను కత్తిరించింది. "ఏదైనా మాట్లాడక్కా" అని చెల్లెలు అంటే, "ముందు ఆ బన్ను ఇలా ఇవ్వవే, ఆకలేస్తోంది" అంది. వచ్చినవాళ్లంతా అది చాలా మంచి ఉపన్యాసమన్నారు.

ఇక్కడ పార్కులో సభ ఇంకా సాగుతోంది. వక్తలిద్దరూ క్షేమం. ఆదివారం సాయంత్రమే సభ్యులు ఒక తీర్మానం కూడా చేశారు: పెద్దలు మాట్లాడుతుండగా మధ్యలో లేచి వెళ్లడం కాలనీ సంస్కారానికి మాయని మచ్చ అనీ, ఇన్‌స్పెక్టరమ్మ చేసిన పని వల్ల అందరూ సిగ్గుతో నేలలోకి కుంగిపోయారనీ. చేతులెత్తి ఆమోదించాలన్నది నిబంధన. చేతులు అప్పటికి పైన లేనందున, తలలు ఊపి ఏకగ్రీవంగా ఆమోదించారు.